తిరుపతి నుంచి గ్లైడర్ రేసింగ్‌కు: ఏ దారి ముందు, ఏది తర్వాత, ఏది అక్కర్లేదు

తిరుపతి, చిత్తూరు వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు ఈ మధ్య గ్లైడర్ రేసింగ్ గురించి అడుగుతున్నారు. అందరి ప్రశ్నా దాదాపు ఒకటే. "ఇంజిన్ లేని విమానాలతో మూడొందల కిలోమీటర్ల పందెం పెడతారట కదా, ఇక్కడి నుంచి అందులోకి ఎలా వెళ్ళాలి? సిమ్యులేటర్‌తో మొదలుపెట్టాలా, పారాగ్లైడింగ్ నేర్చుకోవాలా, అప్పు చేసైనా విదేశాలకు పోవాలా?"

మన రెండు జిల్లాల్లోనూ గ్లైడింగ్ క్లబ్ లేదు. రేణిగుంటలో ఉన్నది ప్రయాణికుల విమానాశ్రయం. ఏ దారి పట్టినా డబ్బూ కాలమూ బాగానే ఖర్చవుతాయి. వరస తప్పితే ఆ ఖర్చంతా వృథా. అందుకే ఉన్న దారులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, నాకు ఏది మేలనిపిస్తుందో, ఎందుకో రాస్తున్నాను.

ముందు, రేసులో టైమ్ ఎక్కడ పోతుందో చూద్దాం

గ్లైడర్‌ను వించ్‌తోనో (నేల మీద ఉండి తాడు చుట్టి లాగే యంత్రం), ముందుండి లాక్కుపోయే టో విమానంతోనో పైకి లేపి వదిలేస్తారు. ఎండకు కాగిన నేల నుంచి లేచే వేడిగాలిలో, అంటే థర్మల్‌లో, గిరగిరా తిరుగుతూ పైలట్ ఎత్తు సంపాదించుకోవాలి. ఆ ఎత్తును కరిగించుకుంటూ తర్వాతి థర్మల్ దాకా జారుకుంటూ పోవాలి. స్టార్ట్ లైన్ దాటి, చెప్పిన టర్న్ పాయింట్లన్నీ చుట్టి, ఫినిష్ చేరాలి. ఎవరి సగటు వేగం ఎక్కువైతే వాళ్ళకు ఆ రోజు ఎక్కువ పాయింట్లు. ఒక రోజు పందేన్ని టాస్క్ అంటారు. అసైన్డ్ ఏరియా టాస్క్ అని ఇంకో రకం కూడా ఉంది. అందులో టర్న్ పాయింట్ల బదులు పెద్ద పెద్ద ప్రాంతాలు ఇచ్చి, కనీస సమయం పెడతారు. ఒక్కో ప్రాంతంలో ఎంత లోపలికి వెళ్ళి తిరగాలో పైలట్ ఇష్టం. గడువుకన్నా ముందే వచ్చేసినా వేగాన్ని గడువు సమయంతోనే లెక్కకడతారు, కాబట్టి తొందరపడితే నష్టమే.

ఒక చిన్న లెక్క వేద్దాం. 300 కిలోమీటర్ల టాస్క్. థర్మల్స్ మధ్య గంటకు 150 కిలోమీటర్ల వేగం. ఆ వేగంలో ప్రతి 30 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు దిగుతామనుకుందాం. అంటే దారి మొత్తం మీద 10,000 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది, దాన్ని థర్మల్స్‌లో తిరిగి సంపాదించాలి. సగటున సెకనుకు 2 మీటర్లు ఎక్కేవాడికి దానికి 83 నిమిషాలు పడుతుంది. 3 మీటర్లు ఎక్కేవాడికి 56 నిమిషాలు చాలు. ఒక్క మీటరు తేడాకే 27 నిమిషాలు. ఇప్పుడు మొదటివాడికే ఇంకా మంచి గ్లైడర్ ఇద్దాం: 30 బదులు 33 మీటర్లకు ఒక మీటరు దిగేది. వాడికి మిగిలేది ఏడెనిమిది నిమిషాలే.

ఎంత వేగంతో జారాలనే లెక్కకు మెక్‌క్రెడీ సిద్ధాంతం అని పేరు. పాల్ మెక్‌క్రెడీ 1956లో ఫ్రాన్స్‌లోని సెంట్-యాన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మనిషి తొక్కితే ఎగిరే విమానం చేసి 1977లో క్రెమర్ ప్రైజ్ గెలిచినదీ ఆయనే. వేగాన్ని ఆ లెక్క ప్రకారం కాస్త అటూ ఇటూగా పెట్టినా పెద్దగా పోయేదేమీ లేదు. నీరసమైన థర్మల్‌ను వదలలేక పట్టుకు వేలాడితే పోతుంది. థర్మల్ మధ్యభాగం దొరకబుచ్చుకోవడానికి ప్రతిసారీ ఒక నిమిషం ఎక్కువ తీసుకుంటే పోతుంది. అలాంటి థర్మల్స్ పది ఎక్కితే పది నిమిషాలు గల్లంతే.

కాబట్టి ఏ శిక్షణనైనా నేను ఒకే కొలతతో చూస్తాను. అక్కడ గడిపే గంటలో "ఇది ఎక్కాలా, వదలాలా, ఎటు తిరగాలి" అన్న నిర్ణయాలు మీ అంతట మీరు ఎన్ని తీసుకుంటారు? వాటిలో ఏది తప్పిందో ఆ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు ఉన్నారా?

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేసి తర్వాత గ్లైడింగ్‌కు రావచ్చా?

ఎయిర్‌లైన్ ఉద్యోగం మీ లక్ష్యమైతే సీపీఎల్ చేయండి. గ్లైడర్ రేసింగ్ కోసమైతే అక్కర్లేదు. రేడియో, నావిగేషన్, ల్యాండింగ్ క్రమశిక్షణ అబ్బుతాయి, అది మంచిదే. కానీ గాలిని వెతుక్కునే నిర్ణయం ఒక్కటి కూడా అందులో ఉండదు. ఆ ఖర్చులో పదో వంతు పెట్టినా గ్లైడింగ్‌లో చాలా దూరం పోవచ్చు.

ఎన్‌సీసీ, పుణే

కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే చేరండి. మైక్రోలైట్‌లో ఎగిరే అవకాశం, విమానాల మధ్య మెలగడం, మెడికల్ అంటే భయం పోవడం, ఇవన్నీ దాదాపు ఖర్చు లేకుండా వస్తాయి. పుణే దగ్గర హడప్‌సర్‌లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గ్లైడింగ్ సెంటర్ ఉంది. గ్లైడర్ మీ వంటికి పడుతుందా, కడుపులో తిప్పుతుందా, అసలు ఇష్టమవుతుందా అని తేల్చుకోవడానికి అలాంటి చోట కొన్ని ఫ్లైట్లు చేయడం తెలివైన పని. ఫోన్ చేసి, ఫ్లైట్లు నడుస్తున్నాయని ఖాయం చేసుకున్నాకే రైలెక్కండి. అయితే లేచి, ఒక రౌండ్ కొట్టి దిగే ఫ్లైట్లతో రేసింగ్ రాదు. వాటితో మొదలుపెట్టండి, వాటి దగ్గరే ఆగిపోకండి.

పారాగ్లైడింగా, సిమ్యులేటరా?

చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పారాగ్లైడింగ్ మనకు అందుబాటులో ఉంది. తిరుపతి నుంచి యేలగిరి దూరమేమీ కాదు. పుణే దగ్గర కామ్‌షెట్‌లో స్కూళ్ళున్నాయి. హిమాచల్‌లోని బీర్-బిల్లింగ్‌లో 2015లో పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ జరిగింది. అక్కడ అక్టోబర్, నవంబర్‌లో దేశదేశాల వాళ్ళు పర్వతాల వెంట వందలాది కిలోమీటర్లు తిరుగుతారు. థర్మల్‌ను వంటితో పట్టుకోవడం దీనిలో వచ్చినట్టు ఇంకెక్కడా రాదు. గాలి ఒక పక్క ఎగదన్నగానే అటు తిరగాలన్నది ఆలోచించకుండానే వస్తుంది. నిర్ణయాలన్నీ మీవే. తప్పితే ఎక్కడో పొలంలో దిగి, బస్సెక్కి రావాల్సిందే. ఆ భయం, ఆ అలసట, ఆ ఎండ అన్నీ నిజమైనవి.

లోటు వేగంలో ఉంది. పారాగ్లైడర్ గంటకు 40 నుంచి 60 కిలోమీటర్ల మధ్య పోతుంది, మీటరు దిగడానికి పది మీటర్ల చొప్పున జారుతుంది. రేసింగ్ గ్లైడర్ దానికి మూడు నాలుగు రెట్ల వేగంతో, నాలుగు రెట్ల దూరం జారుతుంది. పారాగ్లైడర్‌లో తర్వాతి థర్మల్ కళ్ళెదుటి కొండ మీద ఉంటుంది. గ్లైడర్‌లో 30 కిలోమీటర్ల అవతలి మేఘం గురించి ఇప్పుడే ఆలోచించాలి. గాలి మీద పట్టు వస్తుంది గానీ, దూరపు ప్లానింగ్ దాంతో రాదు. ఇంకో మాట: సొంతంగా వింగ్ (పారాగ్లైడర్ గుడ్డ రెక్క) కొని, మంచి స్కూల్ లేకుండా ఎగరడం ప్రమాదకరం. నేల దగ్గర వింగ్ ముడుచుకుపోతే సరిదిద్దే టైమ్ ఉండదు. రిజర్వ్ పారాచూట్, మంచి హెల్మెట్, అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్, ఈ మూడింటిలో దేన్నీ బేరమాడకండి.

సిమ్యులేటర్ విషయానికొస్తే, గ్లైడింగ్‌కు కాండోర్‌ను మించినది లేదు. మామూలు గేమింగ్ కంప్యూటర్, ఒక జాయ్‌స్టిక్ చాలు. పెడల్స్ తర్వాత కొనుక్కోవచ్చు. నిజమైన పోటీ పైలట్లు కూడా చలికాలంలో దీనిలో ఆన్‌లైన్ రేసులు ఆడతారు. రాత్రి భోంచేసి కూర్చుంటే రెండు గంటల్లో ఒక టాస్క్ అయిపోతుంది. ఎప్పుడు స్టార్ట్ చేయాలి, గుంపుతో పోవాలా విడిపోవాలా, ఆఖరి జారుడుకు ఎప్పుడు బయల్దేరాలి, ఇలాంటి నిర్ణయాలు నెలలో వందల కొద్దీ తీసుకుంటారు. నా కొలతలో మొదటి సగానికి దీనికి సాటి లేదు. ఫ్లైట్ అయ్యాక మీరు ఎగిరిన దారంతా నమోదైన ఐజీసీ ఫైల్ వస్తుంది, అసలు గ్లైడర్ రికార్డర్ ఇచ్చే ఫైల్ లాంటిదే. దాన్ని, మీతోపాటే ఎగిరి గెలిచినవాడి ఫైల్‌ను సీయూ (SeeYou) లాంటి సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కన పెట్టి చూడండి. వాడు ఎన్ని థర్మల్స్ ఎక్కాడు, మీరు ఎన్ని ఎక్కారు, ఎవరు ఎక్కడ ఎంతసేపు తిరిగారు అన్నీ నిమిషాలతో సహా కనిపిస్తాయి. ఫోన్‌లో ఎక్స్‌సీసోర్ (XCSoar) అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని కాండోర్‌కు కలుపుకుంటే కాక్‌పిట్‌లో వాడే నావిగేషన్ కూడా చేతికి అలవాటవుతుంది.

సిమ్ నేర్పే చెడ్డ అలవాట్లు రెండు. ఒకటి, బయటికి చూడకపోవడం. ఎక్కే, దిగే వేగాన్ని చూపే వేరియో సూది తెర మీద ఉంటుంది, దానికే కళ్ళు అతుక్కుపోతాయి. నిజం థర్మల్‌లో ఇరవై గ్లైడర్లు ఒకే సుడిలో తిరుగుతుంటాయి. ముందు చేరినవాడు ఏ వైపు తిరుగుతుంటే మనమూ ఆ వైపే తిరగాలి, ప్రతి క్షణం చుట్టూ చూసుకోవాలి. ఫ్లార్మ్ అనే పరికరం దగ్గరికొచ్చే గ్లైడర్ గురించి హెచ్చరిస్తుంది గానీ, అది కళ్ళకు బదులు కాదు. రెండోది, దిగే చోటు చూసుకోకుండా తక్కువ ఎత్తులోకి పోవడం. సిమ్‌లో కూలితే మళ్ళీ మొదలుపెట్టొచ్చు కాబట్టి తెగింపు పెరిగిపోతుంది. ఆ తెగింపును ఎయిర్‌ఫీల్డ్‌కు తీసుకెళ్ళకూడదు. సిమ్‌లో కూడా 300 మీటర్ల కిందికి వచ్చాక థర్మల్ వెతకనని ఒట్టు పెట్టుకోండి. పొలం ఎంచుకుని దిగడమే ప్రాక్టీస్ చేయండి.

ఈ రెండింటిలో ఒక్కటే కుదిరేవాళ్ళకు నా సలహా సిమ్యులేటరే. అది కూడా ఇద్దరు కలిసి చేయండి. ప్రపంచ పోటీల్లో పెద్ద దేశాల పైలట్లు జంటగా ఎగురుతారు, రేడియోలో ఒకరికొకరు థర్మల్స్ చెప్పుకుంటారు. ఒంటరిగా వెళ్ళే మన పైలట్‌కు ఆ బలం ఉండదు. కాలేజీలో ఒక స్నేహితుణ్ణి పట్టండి. హెడ్‌సెట్ పెట్టుకుని "కుడివైపు రా, మూడు మీటర్లు ఉంది ఇక్కడ" అంటూ తెలుగులోనే మాట్లాడుకుంటూ ఎగరండి. రేపు నిజం పోటీలో వేరేవాళ్ళు మీ ఫ్రీక్వెన్సీ విన్నా వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు, అదీ లాభమే.

మన ఆకాశమే ఒక పాఠం

దీనికి పైసా ఖర్చు లేదు. తిరుపతి విమానాశ్రయం వాతావరణ రిపోర్టు, కోడ్ వీఓటీపీ, ఎవరైనా చూడొచ్చు. అందులో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) ఉంటాయి. రెండింటి తేడాను 125తో గుణిస్తే మేఘాల అడుగు నేల నుంచి సుమారు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో వస్తుంది. ఉదాహరణకు 40 డిగ్రీలు, డ్యూ పాయింట్ 16 అయితే 3,000 మీటర్లు. 37 డిగ్రీలు, డ్యూ పాయింట్ 25 అయితే 1,500 మీటర్లే. ఆ రోజు గ్లైడర్‌కు దొరికే ఎత్తు సగానికి పడిపోయింది.

బంగాళాఖాతం గాలి లోపలికి వచ్చిన రోజున సరిగ్గా ఇదే జరుగుతుంది. మధ్యాహ్నం దాటాక డ్యూ పాయింట్ ఎగబాకుతుంది, ఉష్ణోగ్రత తగ్గుతుంది, థర్మల్స్ అణిగిపోతాయి. పుత్తూరు, నగరి వైపు ముందే చల్లబడి, మదనపల్లె మెట్టలో ఇంకా ఎండ పేలుతుంటే ఆ రెండు గాలుల హద్దు ఎక్కడుందో ఊహించండి. శేషాచలం అంచున గద్దలు ఏ గంటకు పైకి లేస్తున్నాయి, ఏ గంటకు రెక్కలు కొట్టక తప్పడం లేదో రాసిపెట్టుకోండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలకు థర్మల్స్ మహా జోరుగా ఉంటాయి, సాయంత్రానికి అవే ఉరుముల మేఘాలవుతాయి. ఆ మార్పు ఏ ఘడియలో మొదలవుతుందో పసిగట్టగలిగినవాడు రేసులో స్టార్ట్ టైమ్ చక్కగా ఎంచుకుంటాడు. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. ఎంఎస్‌టీ రాడార్‌తో మన నెత్తి మీది గాలినే అక్కడ చదువుతున్నారు. ఫిజిక్స్, మీటియరాలజీ చదివేవాళ్ళు ప్రాజెక్టు కోసం అక్కడ అవకాశం వెతుక్కుంటే రేసింగ్‌కూ పనికొస్తుంది.

విదేశాలకు వెళ్తే ఎక్కడికి?

మూడు దిక్కులున్నాయి: యూరప్, ఆస్ట్రేలియా లేదా దక్షిణాఫ్రికా, అమెరికా.

మొదటి ప్రపంచ పోటీ 1937లో జర్మనీలోని వాసర్‌కుప్పే కొండ మీద జరిగింది. ఈ ఆటకు యూరప్ పుట్టిల్లు. ఇప్పటికీ ప్రపంచ పోటీలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. క్లబ్బుల్లో ఇన్‌స్ట్రక్టర్లు చాలామంది జీతం లేకుండా నేర్పుతారు, కాబట్టి ఫీజు తక్కువ. దానికి బదులుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీరూ వించ్ దగ్గర, రన్‌వే మీద, హ్యాంగర్‌లో చాకిరీ చేయాలి. లైసెన్స్‌కు కనీసం 15 గంటల శిక్షణ, 45 లాంచ్‌లు కావాలి. ఇబ్బందల్లా వాన. నెల రోజుల వీసాతో వెళ్ళి పది రోజులు క్లబ్‌హౌస్‌లో టీ తాగుతూ కూర్చోవాల్సి రావచ్చు.

ఆస్ట్రేలియా లోపలి మైదానాల్లో డిసెంబర్, జనవరి నెలల్లో దాదాపు రోజూ ఎగరొచ్చు. వైకెరీలో 1974లో, బెనాలాలో 1987లోనూ 2017లోనూ ప్రపంచ పోటీలు జరిగాయి. రాయలసీమ ఎండకు అలవాటు పడ్డ ఒంటికి ఆ వాతావరణం కొత్త కాదు. పొలాలు పెద్దవి, దిగడానికి వీలు. మన దగ్గరైతే గట్లు, మామిడి తోపులు, చెరకు తోటల మధ్య చోటు దొరకడమే కష్టం. కాకపోతే అక్కడ ఒంటి కరెంటు తీగలు పొలాలకు అడ్డంగా పోతుంటాయి, పైనుంచి కనబడవు. స్తంభాలను, ఇళ్ళను చూసి తీగను ఊహించడం నేర్చుకోవాలి.

అమెరికాలో టెక్సస్‌లోని యువాల్డీలో 1991, 2012, 2024లో ప్రపంచ పోటీలు జరిగాయి. మనవాళ్ళకు డాలస్‌లో మామయ్యో పెద్దమ్మో ఉండటం మామూలే, అంటే బస ఖర్చు తప్పుతుంది. కానీ విజిటర్ వీసా మీద వెళ్ళి లైసెన్స్ శిక్షణ తీసుకోవచ్చా అన్నది టికెట్ కొనకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. చుట్టాల మాట మీద వెళ్ళి ఇమిగ్రేషన్‌లో చిక్కుకోవద్దు.

నా వరస ఇది: మొదటిసారి ఆస్ట్రేలియా, రెండోసారి యూరప్. మొదటి ప్రయాణంలో కావలసింది గంటలు. గ్లైడింగ్‌లో మెట్టు మెట్టుగా ఇచ్చే బ్యాడ్జ్‌లలో సిల్వర్‌కు కావలసిన 50 కిలోమీటర్ల దూరం, 1,000 మీటర్ల ఎత్తు, 5 గంటల ఫ్లైట్ అక్కడ త్వరగా పూర్తవుతాయి. వాతావరణం బాగుంటే గోల్డ్‌కు కావలసిన 300 కిలోమీటర్లు కూడా. కానీ బలమైన థర్మల్స్‌లోనే పెరిగిన పైలట్‌ను పోలండ్‌లోని లెష్నోలో, 1,200 మీటర్ల మేఘం కింద, సెకనుకు మీటరు ఎక్కే గాలిలో వదిలితే ఓపిక చాలక దిగిపోతాడు. అంతర్జాతీయ పోటీలో రోజులన్నీ బాగుండవు. అందుకే రెండో ప్రయాణం నీరసమైన గాలిని ఓర్చుకోవడం నేర్చుకోవడానికి.

అక్కడ కోచింగ్ తీసుకునేటప్పుడు కూడా ఎంపిక ఉంటుంది. కోచ్ ముందు ఎగురుతుంటే ఇద్దరు ముగ్గురు వెంట పోయే పద్ధతిలో వేగం అలవాటవుతుంది, నిర్ణయాలు మాత్రం కోచ్‌వే. రెండు సీట్ల గ్లైడర్‌లో కోచ్ వెనక కూర్చుని, నోరు మెదపకుండా మిమ్మల్నే నడపనిచ్చి, దిగాక ఫైల్ తెరిచి మాట్లాడితే దానంత విలువైన శిక్షణ లేదు. చిన్న ప్రాంతీయ పోటీలో అలా ఒక వారం దొరికితే, సొంతంగా ఎగిరే రెండు వారాలు వదులుకునైనా తీసుకోండి.

ఏ క్లాసులో దిగాలి?

రెక్కల పొడవుకు హద్దు లేని ఓపెన్ క్లాసు, రెక్కల పొడవు 18 మీటర్లుండే క్లాసు వైపు ఇప్పుడే చూడొద్దు. అక్కడ గ్లైడర్ అద్దెకే మీ బడ్జెట్ మొత్తం పోతుంది. క్లబ్ క్లాసులో పాత గ్లైడర్లకు హ్యాండిక్యాప్ ఇస్తారు, అంటే గ్లైడర్ సత్తాను బట్టి స్కోరు సర్దుతారు. బరువు కోసం నింపుకునే నీటి బ్యాలస్ట్ వాడనివ్వరు. ఎల్‌ఎస్4, స్టాండర్డ్ సిర్రస్ లాంటివి అద్దెకు దొరుకుతాయి. పైన వేసిన లెక్క గుర్తుంటే, బాగా ఎక్కగలిగే పైలట్‌కు ఇక్కడ అన్యాయం జరగదని తెలుస్తుంది. ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్తే 20 మీటర్ల రెండు సీట్ల క్లాసు ఆలోచించదగ్గది. గ్లైడర్ ఖరీదైనదే, కానీ ఖర్చు సగం సగం, రెండు బుర్రలు.

25 ఏళ్ళు నిండే సంవత్సరం దాకా జూనియర్ ప్రపంచ పోటీల్లో ఆడొచ్చు, కాబట్టి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో మొదలుపెట్టినవాళ్ళకు టైమ్ ఉంది. అమ్మాయిలకు 2001 నుంచి విడిగా మహిళల ప్రపంచ పోటీలున్నాయి. వాటిలో పాల్గొనేవాళ్ళు తక్కువ, పోటీ మాత్రం గట్టిదే. కొత్త దేశం పేరు బోర్డు మీద కనిపించడానికి అది మంచి చోటు. ఏ పోటీకైనా స్పోర్టింగ్ లైసెన్స్, ఎంట్రీ ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా ద్వారానే వెళ్ళాలి. మొదటి బ్యాడ్జ్ వచ్చిన రోజునే వాళ్ళతో ఉత్తరప్రత్యుత్తరాలు మొదలుపెట్టండి.

క్లబ్‌కు రాసే మొదటి మెయిల్‌లో

డిసెంబర్‌లో వెళ్ళాలంటే జూలైలోనే రాయండి. మీ కాండోర్ ఫైల్ ఒకటి జతచేయండి, మీరు సీరియస్ అని వాళ్ళకు అర్థమవుతుంది. లైసెన్స్ లేని విదేశీ విద్యార్థిని తీసుకుంటారా, రెండు సీట్ల గ్లైడర్‌లో క్రాస్ కంట్రీ కోచింగ్ ఎన్ని రోజులు ఇస్తారు, ఇన్సూరెన్స్ ఎవరిది, ఏ వీసా కావాలి, మెడికల్ ఏది చెల్లుతుంది, పొలంలో దిగితే ట్రైలర్‌తో వచ్చి తీసుకెళ్ళేది ఎవరు అని అడగండి. ఐదు గంటల ఫ్లైట్‌లో మూత్రానికి ఏం ఏర్పాటు చేసుకుంటారో కూడా సిగ్గుపడకుండా అడగండి. చాలామంది ఆ ఇబ్బందికి భయపడి నీళ్ళు తాగడం మానేస్తారు. మూడో గంటకు తల తిరిగి, తప్పు నిర్ణయాలు అక్కడే మొదలవుతాయి.